వజీరాబాదులో కూలిన బేరూత్

పోయిన నెల నాందేడ్ వెళ్లినప్పుడు వజీరాబాదు పేటలో వకీలు సాబ్ ఇల్లు కూలగొడుతున్నారు. ఆయన పోయాక కొడుకులు ఎవరో బిల్డరుకి ఇచ్చేశారట. కింద దుకాణాలూ పైన నాలుగంతస్తుల ఫ్లాట్లూ వస్తాయట. మేడ మీద ఇద్దరు మనుషులు సమ్మెటలతో గోడను కొడుతున్నారు. ముందుగోడ అప్పటికే పోయింది. లోపలి గది నీలం రంగు, దేవుడి గూడు, కిటికీ లేని కిటికీ కన్నం, అన్నీ రోడ్డు మీదికి కనబడుతున్నాయి. నేను ఎదురుగా నిలబడి నవ్వుకున్నాను. పక్కన ఇసుక జల్లించే ఆమె నన్ను వింతగా చూసింది. కూలుతున్న ఇంటి ముందు నవ్వేవాణ్ణి ఆమె ఏమనుకుందో మరి. ఆ ఇంటి గృహప్రవేశం నాడు మా చిన్నాయన అన్న మాట గుర్తొచ్చింది నాకు.

చిన్నాయన అంటే మా బాపుకు సొంత తమ్ముడు. ఆయన మంచివాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే తరువాత రాయడం తేలిక.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. వజీరాబాదు బజారులో అందరూ ధోతులు, పైజామాలతో తిరిగే రోజుల్లో ఆయన తెల్ల ప్యాంటు వేసి, బూట్లకు తానే పాలిష్ చేసుకుని, జుట్టుకు వాసన నూనె రాసి, మా ఇత్తడి సామాన్ల దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కుర్చీ ఎప్పుడూ రోడ్డు వైపు. వీపు మాకు, మా దుకాణానికి. గిరాకీ ఎవరైనా చెంబు ధర అడిగితే తల తిప్పకుండా చేత్తో లోపలికి చూపించేవాడు, ఈగను తోలినట్టు.

రజాకార్ల గడబిడలో కొత్త పెళ్లాన్ని మా నాయనమ్మ దగ్గర వదిలేసి బొంబాయి పారిపోయాడు. అక్కడ పట్టుబట్టలు, దంతపు బొమ్మలు అమ్మే ఒక సేఠు దగ్గర చేరాడు. ఆ సేఠు సముద్రాలవతల బేరూతులో దుకాణం తెరుస్తూ ఈయన్ని వెంట తీసుకుపోయాడు. పత్రికలు బీరుట్ అని రాస్తాయి. చిన్నాయన ముందు అలా అంటే పళ్లు కొరికేవాడు. "బేరూత్ అను. నోరు తిరగకుంటె ఊకో." పదిహేనేళ్ల పైచిలుకు అక్కడే ఉన్నాడు. సేఠు చనిపోయి, కొడుకులు దుకాణం మూసేస్తే, చేసేది లేక తిరిగొచ్చాడు. అప్పటికి నేను స్కూల్లో ఉన్నాను. ఇక్కడ దిగిన రోజు నుంచి తనకెవరో అన్యాయం చేసినట్టే బతికాడు.

ఆ అన్యాయానికి రోజూ శిక్ష పడేది చిన్నమ్మకు. ఆయన పాలు లేని కాఫీ తాగేవాడు, యాలకులు వేసి, బొటనవేలంత గిన్నెలో. చిన్నమ్మ కాఫీ గింజలు తెప్పించి, వేయించి, దంచి, ఆయన చెప్పినట్టే మూడుసార్లు పొంగించి తెచ్చేది. ఆయన ఒక్క గుటక తాగి, మిగతాది వాకిట్లో నెమ్మదిగా ఒలకబోసేవాడు.

"బురద," అనేవాడు. కోపం కూడా ఉండేది కాదు ఆ గొంతులో.

చిన్నమ్మ నీళ్లు తెచ్చి కడిగేది. నాకు తెలిసి ఒక్క పొద్దు కూడా ఇది తప్పలేదు. భర్త లేని ఏళ్లన్నీ ఆవిడ మా ఇంట్లో పిండి విసురుతూ, మా అందరి తలలూ దువ్వుతూ గడిపింది. ఆయన వచ్చిన రోజు కొత్త చీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే, చిన్నాయన పైనుంచి కిందిదాకా చూసి, "ఇంత లావయినవేంది?" అన్నాడట. మా అమ్మ ఈ మాట చెప్పినప్పుడల్లా ఉమ్మేది.

గోదావరిని ఆయన మోరీ, మురుగు కాలువ అనేవాడు. పుణ్యస్నానానికి పోయేవాళ్లను ఆపి, "మోరికి పోయొస్తున్నరా?" అని అడిగేవాడు. నాకు రోజూ బస్సులో పోయొచ్చే దూరంలో నాయ్‌గావ్ బడిలో మాస్తరు ఉద్యోగం వచ్చి, పేడాలు పట్టుకుని ఆయన కాళ్లకు దండం పెడితే, "నాయ్‌గావా? బేరూత్ల గాడిదలు సుత అంతకంటె పెద్ద ఊర్ల తిర్గుతయి," అన్నాడు. పేడా మాత్రం తిన్నాడు.

ఇంతటి మనిషిని బజారు ఎందుకు భరించింది అంటే, ఆయన చెప్పే ఊరి కోసం. సాయంత్రం మా దుకాణం అరుగు మీద నలుగురు చేరేవాళ్లు. బాపు గద్దె మీద, వకీలు సాబ్ తన కోటు మడిచి ఒళ్లో పెట్టుకుని. వకీలు సాబ్ మా వెనక గల్లీలో పుట్టిన తెలుగు మనిషే. కోర్టులో మరాఠీ, ఇంట్లో తెలుగు, కోపమొస్తే ఉర్దూ. అవతలి హోటలు నుంచి చాయ్ వచ్చేది. చిన్నాయన ఎవరి వైపూ చూడకుండా రోడ్డుతో చెప్పినట్టు మొదలుపెట్టేవాడు.

"నేను దిగిన్నాడు హమ్రా పేటల ఏమున్నది? నాగజెముడు. ఇసుక. రాత్రయితె నక్కలు కూసేటివి. ఎర్రపెంకుల ఇండ్లు అక్కడొకటి అక్కడొకటి, సుట్టు నారింజ తోటలు. ఒకడు నాలుగంతస్తులు కట్టిండు. కిటికి తెరిస్తె సముద్రం. ముందటోడు సూసిండు, ఏడు కట్టిండు. ఎనుకటోనికి సముద్రం పాయె. వాడు ఏడ్సిండా? ఇల్లు కూలగొట్టి పది కట్టిండు!"

"మరి మున్సిపాల్టి ఏం చేస్తుండె?" అని వకీలు సాబ్ అడిగేవాడు.

"మున్సిపాల్టోల్లు సుత కట్టిండ్రు."

అందరూ నవ్వేవాళ్లు. చిన్నాయన నవ్వేవాడు కాదు. నారింజ చెట్లు కొట్టేసిన చోట సినిమా హాళ్లు, బ్యాంకులు లేచిన తీరు చెప్పేవాడు. ఒడ్డు మీద ఈదుతూ తల ఎత్తితే కొండ మీద మంచు కనబడేదట. అక్కడ ఒక్కో గల్లీకి ఒక్కో దేవుడు, ఒక్కో మనిషికి నాలుగు భాషలు. "నువ్వెవలివని అడ్గరు. ఏం కొంటవని అడ్గుతరు. జేబు సూస్తరు, జాతి సూడరు." పదేళ్లు వినీ వినీ ఆ ఊరు మాకు కంఠతా వచ్చేసింది. బుర్జ్ చౌక్ నుంచి ఏ వీధిలో తిరిగితే ఆర్మేనియా దర్జీ దుకాణం వస్తుందో, మూలమీద దానిమ్మ రసం అమ్మే ఒంటికన్నువాడు ఏ పూట ఉంటాడో మా బాపు కూడా చెప్పగలిగేవాడు. పక్కనున్న దెగ్లూర్ దాటి దక్షిణానికి పోని మనిషి ఆయన.

వకీలు సాబ్ కొత్త ఇల్లు కట్టుకున్నది ఆ రోజుల్లోనే. ఆ వీధిలో అదే మొదటి మేడ. గృహప్రవేశానికి కలెక్టరాఫీసు వాళ్లు, కోర్టు వాళ్లు, బజారంతా వచ్చారు. వకీలు సాబ్ తానే చెయ్యి పట్టుకుని చిన్నాయన్ని గది గదికీ తిప్పాడు. ఇంత ఊరు చూసిన మనిషి నోట ఒక్క మంచి మాట వినాలని ఆశ. డాబా మీద అందరి మధ్యా నిలబెట్టి, "ఎట్లున్నది, చెప్పుండ్రి," అన్నాడు.

చిన్నాయన పిట్టగోడ మీద వేలితో తట్టాడు.

"బేరూత్ల గూడ కడ్తరు గిసువంటివి," అన్నాడు. "కోళ్లకు."

ఎవరో కిసుక్కున నవ్వారు. వకీలు సాబ్ భార్య హారతి పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది. వకీలు సాబ్ కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు సాయంత్రం మామూలుగానే అరుగు మీదికి వచ్చాడు. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాం.

తరువాత కొన్నేళ్లకు బేరూతులో లడాయి మొదలైంది. చిన్నాయన చదివే ఉర్దూ పత్రిక హైదరాబాదు నుంచి ఆలస్యంగా వచ్చేది, వచ్చినా రెండు ముక్కలు ఉండేవి. వకీలు సాబ్‌కు బొంబాయి ఇంగ్లీషు పేపరు వచ్చేది. అది చంకలో పెట్టుకుని అరుగు మీదికి వచ్చి, చదివి తెలుగులో చెప్పేవాడు. బజార్లు కాలాయి. సముద్రం ఒడ్డున పెద్ద హోటళ్ల పైఅంతస్తుల నుంచి ఒకరినొకరు కాల్చుకుంటున్నారు.

"వట్టిదే," అన్నాడు చిన్నాయన మొదట్లో. "రెండు దినాలల్ల సల్లవడ్తది. గక్కడ యాపారం ముందు, లడాయి ఎనుక."

చల్లబడలేదు. ఆయన కుర్చీ మెల్లగా మా వైపు తిరిగింది. అన్నేళ్లలో మొదటిసారి ఆయన ముఖం చూస్తూ మేం చాయ్ తాగాం. వకీలు సాబ్ చదువు ఆపి, చాలా మర్యాదగా అడిగేవాడు. "బుర్జ్ ఎనుక గల్లి అని రాసిండ్రు. గక్కడ ఎవరుంటుండె?"

"దర్జి ఉంటుండె. ఆర్మేనియా ముసలోడు. నాకు ఈ ప్యాంటు కుట్టింది ఆయిననే."

మర్నాడు పేపరులో ఆర్మేనియా దర్జీ చచ్చిపోయాడు. దుకాణంలోనే, మిషను మీద తల వాల్చి.

ఆ మర్నాడు దానిమ్మ రసం ఒంటికన్నువాడు. ఆ తరువాత ట్రాము ఆగే చోట నువ్వుల రొట్టెలు అమ్మే అన్నదమ్ములు, ఒకేసారి ఇద్దరూ. ఒకసారి నేను వకీలు సాబ్ భుజం మీదుగా చూశాను. ఆయన వేలు పెట్టి చదువుతున్న చోట ఉన్నది చక్కెర మిల్లు సమ్మె వార్త.

ఆ మాట బాపుకు చెప్పాను. బాపు తక్కెడ తుడుస్తూ, "తెలుసు," అన్నాడు. "పదేండ్లు మనం ఇన్నం. ఇగ మీ చిన్నాయనను ఇననియ్యి."

చిన్నాయన తిండి తగ్గించాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. కొన్నాళ్లకు ఆయనకొక అనుమానం పట్టుకుంది. అది వకీలు సాబ్ మీద కాదు. తన నోటి మీద. తాను ఎవరి పేరు ఎత్తితే వాళ్లు మర్నాటికి పోతున్నారు. "నా నాలికె మంచిది గాదు," అన్నాడొక రోజు నాతో, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని. అప్పటినుంచి అరుగు మీద కూర్చుని కూడా ఎవరి పేరూ చెప్పేవాడు కాదు. వకీలు సాబ్ ఎంత తియ్యగా అడిగినా తల అడ్డంగా ఊపేవాడు. ఊరంతటినీ అవమానించిన మనిషి నోరు మూసుకుని కూర్చుంటే బజారులో వాళ్లు పనిగట్టుకుని వచ్చి చూసి పోయేవాళ్లు.

వంటింట్లో బీరకాయలు తరుగుతున్న చిన్నమ్మకు నేనే చెప్పాను, లడాయి నిజమే గాని ఈ మనుషుల చావులన్నీ వకీలు సాబ్ కల్పన అని. ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"అంటె, దర్జి సావలేదా?"

"ఏమో చిన్నమ్మా. ఉన్నడో పోయిండో పేపర్ల అయితె లేదు."

"మీ చిన్నాయనకు చెప్పకు," అంది.

తట్టుకోలేడని భయపడుతోందనుకున్నాను. ఆ సాయంత్రం చిన్నాయనా నేనూ అన్నానికి కూర్చున్నాం. చిన్నమ్మ ఆయన పళ్లెంలో నెయ్యి వేస్తూ, కూర ఎట్లున్నదని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఇయ్యాల ఎవరు పోయిండ్రు?"

చిన్నాయన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఆవిడ ఇంకొంచెం నెయ్యి వేసింది. అప్పటినుంచి రోజూ అడిగేది. ఆయన నోరు మూసుకున్నాక ప్రశ్న మార్చింది. "ఇంక ఎవరన్న మిగిలిండ్రా?" ఆయన ముద్ద కలుపుతూ ఉండిపోయేవాడు. లేచిపోయేవాడు కాదు. వచ్చిన ఇన్నేళ్లలో ఇంట్లో ఆయన్ని ఆ ఊరి సంగతి అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే అయిందేమో అప్పటికి. కాఫీ ఒలకబోయడం కూడా మానేసి, చల్లారాక తాగేసేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్నమ్మ నెత్తిన కొంగు కప్పుకుని నా దగ్గరికి వచ్చింది. "నన్ను వకీల్ సాబ్ ఇంటికి తీస్కపో." ఆవిడ తోడు లేకుండా గడప దాటే మనిషి కాదు, తోడుతో కూడా మగవాళ్ల ముందుకు పోయే మనిషి కాదు. ఏదో కోర్టు సంగతి అనుకుని తీసుకుపోయాను.

వకీలు సాబ్ ముందుగదిలో భోజనం చేసి పడుకోబోతున్నాడు. కంగారుగా లేచి కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఇంకొక్కతి మిగిలింది," అంది. "పేరు మరియం. మెట్ల గల్లిల బట్టలు ఇస్త్రి చేస్తుండెనంట. మా ఆయిన ఆమెతోనే ఉంటుండెనంట, అన్ని ఏండ్లు. నిన్న రాత్రి చెప్పిండు."

వకీలు సాబ్ నా వైపు చూశాడు. నాకూ అప్పుడే తెలిసింది.

"చాలమ్మా," అన్నాడు వకీలు సాబ్ చివరికి. "నేను బంద్ చేద్దామనుకుంటున్న. పేపర్ల ఫోటోలు అస్తున్నయి. నేను అబద్ధం చెప్పిన గల్లి నిజంగ కాలి ఉన్నది. నాకే బుగులైతున్నది."

"గింత మందిని సంపిండ్రు," అంది చిన్నమ్మ. "గీ ఒక్కతి మీకు బరువా?"

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ దండం పెట్టి బయటికి నడిచింది. ఇంటికొచ్చి చీర కొంగు నడుముకు దోపుకుని బీరకాయల దగ్గర కూర్చుంది.

సాయంత్రం వకీలు సాబ్ పేపరు విప్పాడు. బాపు ఉన్నాడు, నేనున్నాను. లోపలి గుమ్మం పరదా వెనక చిన్నమ్మ కాళ్ల వెండి మట్టెలు కనబడుతున్నాయి. వకీలు సాబ్ గొంతు సవరించుకుని, మెట్ల గల్లీ మీద బాంబు పడిందనీ, ఇస్త్రీ దుకాణంలో మరియం అనే ఆమె చనిపోయిందనీ చదివాడు.

చిన్నాయన కుర్చీలోంచి లేచాడు. పడిపోతాడని నేను ముందుకు వంగాను. ఆయన పడలేదు. పరదా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ పేరు నేను నిన్న చెప్పిన," అన్నాడు మెల్లగా. "ఒక్కదానికే చెప్పిన."

ఆయన ముఖం వణికి, విచ్చుకుంది. అంత ఆనందం నేను ఆ ముఖంలో ఎన్నడూ చూడలేదు, ఎవరి ముఖంలోనూ చూడలేదు.

"అంటె బతికే ఉన్నది! దర్జి బతికే ఉన్నడు. ఒంటికన్నోడు, రొట్టెలోల్లు, అందరు ఉన్నరు! వకీల్ సాబ్, అంత మీరే రాసిండ్రు గద!"

వకీలు సాబ్ మాట్లాడబోయాడు. చిన్నాయన ఆయన్ని రెండు భుజాలూ పట్టి లేపి, ఆ దేశం వాళ్ల పద్ధతిలో రెండు చెంపల మీదా ముద్దు పెట్టాడు. బజారంతా చూస్తుండగా మిఠాయి దుకాణానికి పోయి పేడాలు తెచ్చి, కనబడిన ప్రతివాడి చేతిలో పెట్టాడు. "మా ఊరు నిలవడ్డది," అని చెప్పాడు. బాపు పేడా చేత్తో పట్టుకుని, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డాడు.

లడాయి నిజమని ఆ తరువాత ఆయన్ని ఎవరూ నమ్మించలేకపోయారు. ఉర్దూ పత్రిక మానేశాడు. బాపు ఒకసారి ఫోటోలున్న వారపత్రిక తెచ్చి చూపించాడు. పైనుంచి కిందిదాకా చీలిన ఇళ్లు, రోడ్డు మీద మంచం. చిన్నాయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "గిది బొంబైల కూలోల్ల చాల్ గాదా?" అని తిరిగి ఇచ్చేశాడు. గడ్డం గీసుకున్నాడు. కుర్చీ మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. గోదావరి మళ్లీ మోరీ అయింది.

చిన్నమ్మకు మాత్రం కొత్తది ఒకటి మొదలైంది. దాచుకోవలసిన పేరు ఇక దాచనక్కర లేకుండా పోయింది. ఇంతకు ముందు ఆయన ఆవిడ్ని ఒక ఊరితో పోల్చేవాడు. ఇప్పుడు ఒక మనిషితో పోల్చాడు. చొక్కా మడత చూసి "మరియం గిట్ల మడవకపోయేది" అనేవాడు. కూర రుచి చూసి మరియం, దీపం పెట్టే వేళకు మరియం. ఆవిడ వింటూ పని చేసుకునేది. ఒక్కసారి మా అమ్మ ఉండబట్టలేక, "ఎందుకు పోయినవే ఆ వకీలు ఇంటికి?" అని అడిగింది. "సంపుదామని," అంది చిన్నమ్మ.

అలా ఏళ్లు గడిచాయి. వకీలు సాబ్ గుండె ఆగి పోయాడు. ఆ మరుసటి వానాకాలం చిన్నాయనకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. సర్కారీ దవాఖానాలో చేర్చాం. పొరుగు దేశపు సైన్యం బేరూతును చుట్టుముట్టి, సముద్రం మీది నుంచి, ఆకాశం నుంచి గుండ్లు కురిపిస్తున్న రోజులవి. మధ్యాహ్నం పూట నేను వెళ్లేసరికి చిన్నమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని విసనకర్రతో విసురుతోంది. పక్క మంచం రోగి తాలూకు వాళ్లు కిటికీలో రేడియో పెట్టుకుని పాటలు వింటున్నారు. పాటలు అయిపోయి వార్తలు వచ్చాయి. మొదటి వార్తే ఆ ఊరిది. నీళ్లు లేవు, కరెంటు లేదు, హమ్రా వీధిలో ఇళ్లు కూలాయి.

నేను ఆపేద్దామని లేచాను. చిన్నమ్మ నాకంటే ముందు లేచింది. కిటికీ దగ్గరికి పోయి, గుండీ తిప్పింది. గొంతు పెద్దదైంది. వార్డంతా వినబడింది.

చిన్నాయన కళ్లు మూసుకునే విన్నాడు. వార్త అయిపోయి వానల సంగతి మొదలయ్యాక కళ్లు తెరిచి ఆవిడ కోసం వెతికాడు.

"వకీల్ సాబ్ పోయిండు గద?" అన్నాడు.

"పోయిండు. మీరు సుత ఆయిన మట్టికి పోయొచ్చిండ్రు గద."

ఆయన కొంచెంసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"మరి గిది ఎవరు సదువుతున్నరు?"

చిన్నమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. విసనకర్ర తీసుకుని విసరడం మొదలుపెట్టింది.